డెల్టాలో విమానాశ్రయం: సోలార్ సంగతి తర్వాత, ముందు మురుగు నీటి లెక్క తేల్చండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా గోదావరి డెల్టాలో, భీమవరం చుట్టుపక్కల 500 ఎకరాల్లో, మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే విమానాశ్రయం డిజైన్ చేస్తున్నాం. పైకప్పు నిండా సోలార్, వాన నీటి ట్యాంకులు, గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ పెట్టాం. ఎండలు ముదురుతాయి కాబట్టి రన్‌వే పొడవు పెంచాం. ముంపు రాకుండా నేలను 2 మీటర్లు ఎత్తు చేస్తున్నాం. ఇంకేం చూడాలి?"

ఎయిర్‌ఫీల్డ్ పేవ్‌మెంట్లు, డ్రైనేజీ పనుల్లో చాలా ఏళ్లు గడిపినవాడిగా, డెల్టాలోనే పుట్టినవాడిగా చెబుతున్నాను. మీ జాబితాలో పెట్టినవేవీ తప్పు కావు. కానీ అసలు ప్రశ్న ఆ చివరి ముక్కలో ఉంది, దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నేలను 2 మీటర్లు లేపితే, ఇన్నాళ్లూ ఆ నేల మీద నిలిచిన నీళ్లు ఎక్కడికి పోతాయి? దీనికి జవాబు లేకపోతే, ఎంత రేటింగ్ తెచ్చుకున్నా ఆ విమానాశ్రయాన్ని సుస్థిరమైనదని అనలేం.

ముందు ఎండ సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. గాలి వేడెక్కితే పలచబడుతుంది, విమానం లేవడానికి ఎక్కువ పరుగు కావాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లెక్క ప్రకారం, ఆ ఎత్తుకు ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే ప్రతి 1 డిగ్రీకి రన్‌వే పొడవు 1 శాతం పెంచాలి. సముద్రమట్టం దగ్గర ప్రామాణికం 15 డిగ్రీలు. ఇక్కడ రోహిణీకార్తె ఎండల్లో ఒక్కరోజు నమోదైన రికార్డు కాదు తీసుకోవాల్సింది, అత్యంత వేడి నెలలో రోజువారీ గరిష్ఠాల సగటు. అది 38 అనుకుంటే 23 శాతం అదనం. మూల పొడవు 2,000 మీటర్లయితే 2,460. రేపు ఆ సగటు 40కి చేరినా 2,500. అంటే 2 డిగ్రీలు పెరిగితే పడే భారం 40 మీటర్లే. దాని కోసం రిపోర్టులో రెండు అధ్యాయాలు అక్కర్లేదు. రన్‌వే చివర ఆ కాస్త స్థలం ఖాళీగా వదలండి, చాలు. వేడి గురించి నిజంగా పట్టించుకోవాల్సింది ఏప్రన్ (విమానాలు ఆగే చోటు) మీద సామాన్లు ఎక్కించే కుర్రాళ్ల గురించి. డెల్టా ఉక్కపోతలో, కాంక్రీటు సెగలో, ఆగి ఉన్న విమానం తోక ఇంజను వదిలే వేడి గాలిలో వాళ్లు గంటల తరబడి నిలబడాలి. గేటు దగ్గరే కరెంటు, చల్లగాలి గొట్టం ఇస్తే ఆ చిన్న ఇంజను ఆపేయొచ్చు. ఇంధనమూ మిగులుతుంది, మనుషులూ బతుకుతారు. వాళ్లకు నీడ, తాగునీరు, మధ్యాహ్నం విడతలవారీ విశ్రాంతి డిజైన్‌లోనే రాయండి.

ఇక నీళ్లు.

డెల్టా వాలు ఎంతో లెక్క కట్టారా? ధవళేశ్వరం దగ్గర సుమారు 12 మీటర్ల ఎత్తులో మొదలై, అరవై డెబ్బై కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. అంటే కిలోమీటరుకు జానెడు కంటే తక్కువే. 3 కిలోమీటర్ల రన్‌వే ఈ కొసకూ ఆ కొసకూ సహజంగా ఉండే తేడా అర మీటరు. ఇంత చదును నేల మీద అడుగు ఎత్తున ఏది కట్టినా గట్టే అవుతుంది. మీరు కట్టబోయేది 3 కిలోమీటర్ల పొడవు, స్ట్రిప్‌తో (రన్‌వేకి రెండు పక్కలా వదిలే చదును నేలతో) కలిపి 280 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తున్న గట్టు.

ఆ గట్టు ఏ దిక్కుగా పడుతుందో చూడండి. రన్‌వే దిశను నిర్ణయించేది గాలి. మధురపూడిలో ఉన్న రాజమండ్రి విమానాశ్రయం రన్‌వే 05/23, అంటే ఈశాన్యం నుంచి నైరుతికి. మన గాలులూ ఆ రెండు దిక్కులవే కాబట్టి మీ రన్‌వే కూడా దాదాపు అలాగే వస్తుంది. ఇప్పుడు మ్యాపు తీసి అంతర్వేది నుంచి కాకినాడకు స్కేలు పెట్టండి. తీరం కూడా అదే దిశలో పోతోంది. డ్రెయిన్లన్నీ, అంటే పొలాల్లో మిగిలిన నీటిని లాగే మురుగు కాలువలన్నీ, తీరం వైపు దిగుతాయి కదా, మీ రన్‌వే వాటికి సరిగ్గా అడ్డంగా పడుతుంది. డెల్టాలో విమానాశ్రయానికి ఉన్న పుట్టు లోపం ఇదే. దీన్ని టెర్మినల్ ఆర్కిటెక్చర్ సరిదిద్దలేదు.

అడ్డంగా పడితే కల్వర్టులు పెడతాం అంటారు. పెట్టాలి. కానీ స్ట్రిప్‌లో తెరిచి ఉన్న కాలువ ఉండకూడదు, విమానం పక్కకు జారితే ప్రమాదం. కాబట్టి ప్రతి కోడునూ (చిన్న మురుగు కాలువను) 280 మీటర్ల పొడవున మూసిన పెట్టెలోంచి పంపాలి. అందులోకి గుర్రపు డెక్క చేరితే ఎవరు తీస్తారు? రెండు మీటర్ల ఎత్తు కూడా లేని పెట్టెలోకి యంత్రం దిగదు, మనిషిని దింపకూడదు. లోపలికి చేరకముందే ఎగువన ఆపి తీసే ఏర్పాటు, అక్కడికి జేసీబీ వచ్చే దారి, ఏటా దానికి బడ్జెట్, ఈ మూడూ డ్రాయింగ్‌లో కనబడాలి.

ఇంకో తిరకాసు ఉంది. డెల్టా డ్రెయిన్లు పొలాల కోసం తవ్వినవి. వరి రెండు మూడు రోజులు నీళ్లలో ఉన్నా కోలుకుంటుందనే ధీమా మీద, నీరు నెమ్మదిగా లాగితే చాలన్నట్టు వాటి పరిమాణం పెట్టారు. రన్‌వే రెండు మూడు గంటలు కూడా ఆగదు. గంటకు 60 మిల్లీమీటర్ల వాన 500 ఎకరాల మీద పడి, అందులో 60 శాతం పారిందనుకుంటే దాదాపు 700 క్యూసెక్కులు. పొలాల మురుగు కోడుకు అంత తాహతు ఉండదు. నాటు వేసిన చేలో అయితే ఇదే వాన గట్ల మధ్య నిలిచిపోయేది. గట్టు మీద 10 సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకున్నా 500 ఎకరాలు 2 లక్షల ఘనపు మీటర్లు పట్టుకుంటాయి. వరి చేను అంటే ధాన్యం పండే నేల మాత్రమే కాదు, ఎవరూ పైసా ఖర్చు పెట్టని జలాశయం కూడా. మెరక చేసి కాంక్రీటు పరిచిన రోజున దాన్ని తీసేస్తున్నారు. ఆ నీళ్లు పక్క రైతు చేలో తేలతాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఓ చోట రన్‌వే పొడిగింపు పని చూశాను, పేరు అనవసరం. సర్వే మే నెలలో చేశారు. గడ్డి మొలిచి ఎండిపోయిన చిన్న కోడు ఒకటి సర్వే షీటులో దారిగా పడింది. పుంత అనుకున్నారు. దాని మీద గ్రావెల్ తోలి, రోలరు తిప్పి, ప్రహరీ కట్టేశారు. ఆగస్టులో మొదటి అల్పపీడనానికే ఎగువ చేలు నడుం లోతు మునిగాయి. రైతులు పలుగులు తెచ్చి ప్రహరీ గోడ కింద గండి పెట్టుకున్నారు. వాళ్ల మీద కేసులు పెట్టారు. ఆ చేలల్లో ఊడ్చిన నారు మొదళ్ల దగ్గర కుళ్లి, చేత్తో పట్టుకుంటే జిగురుగా ఊడి వచ్చేది. ఎకరానికి ఎంత పోయిందో లెక్క రాసుకున్నవాళ్లు ఎవరూ ఆ ప్రాజెక్టు రిపోర్టులో లేరు. కోనసీమ రైతులు 2011లో పంట విరామం ప్రకటించడానికి చెప్పుకున్న కారణాల్లో డ్రెయిన్లు బాగుచేయకపోవడం కూడా ఒకటి. మీ డిజైన్ ఇంకో ఊరికి ఆ కారణం కాకూడదు.

కింది కొసన సముద్రం ఉంది. పోటు సమయంలో డ్రెయిన్ మొగ దగ్గర, అంటే అది సముద్రంలో కలిసే చోట, నిలబడి చూడండి, నీళ్లు వెనక్కి నడుస్తుంటాయి. మొగ ఇసుకతో పూడితే ఆటులో కూడా లాగదు. సముద్రమట్టం పెరిగేకొద్దీ మురుగు లాగే గంటలు తగ్గుతూ వస్తాయి. పైన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో డెల్టాకు కొత్త మట్టి చేరడం కూడా తగ్గింది. తుపాను ఉప్పెన, గోదావరి వరద, స్థానిక వాన, ఈ మూడింటినీ విడివిడిగా లెక్కేస్తే అన్నీ సరిపోయినట్టే కనిపిస్తుంది. పోటు సమయంలో మొగ మూసుకుని ఉండగా 200 మిల్లీమీటర్ల వాన పడిందని లెక్కేయండి. మీ డిజైన్ నిలబడేదీ లేనిదీ అక్కడ తేలుతుంది. గోదావరి 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, 1986 ఆగస్టులో అంతకంటే చాలా ఎక్కువ వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు అన్న అంకె మీ ఇంట్లో పెద్దవాళ్లకు నోటికి వచ్చి ఉంటుంది. మీ రన్‌వే ఎత్తును ఏ ఏటిగట్టు తెగితే వచ్చే నీటిమట్టానికి సరిచూశారో రిపోర్టులో రాయండి.

సోలార్ పెట్టాం కదా అని ధైర్యంగా ఉండేవారికి కొచ్చి సంగతి చెబుతాను. 2015 ఆగస్టులో 12 మెగావాట్ల ప్లాంటుతో, పూర్తిగా సౌర విద్యుత్తుతో నడిచే ప్రపంచపు తొలి విమానాశ్రయం అయింది. గర్వించదగ్గ పని. సరిగ్గా మూడేళ్లకు, 2018 ఆగస్టులో పెరియార్ నది పొంగి రన్‌వే మీదికి వచ్చింది, రెండు వారాలు మూతపడింది. ఆ తర్వాత వాళ్లు చేసిన పెద్ద పని చుట్టుపక్కల వాగులు, కాలువలు వెడల్పు చేసి నీటికి దారి ఇవ్వడం. 2015 డిసెంబరులో చెన్నై కూడా అంతే. అక్కడ రెండో రన్‌వేను అడయారు నది మీదుగా వంతెనగా కట్టారు, నది లేచి వచ్చింది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి విమానాశ్రయం 2024 మేలో మునిగి అక్టోబరు దాకా తెరుచుకోలేదు. నీరు తీసేయడానికి అన్ని నెలలు పట్టదు. ఉప్పునీరో బురదో ఎక్కిన పేవ్‌మెంటు కింది పొరలు ఆరి, మళ్లీ పరీక్షించి, పాడైన చోట్ల తీసి వేసి, కరెంటు సామాను అంతా మార్చేసరికి ఆ కాలం పడుతుంది. అందుకే రన్‌వే లైట్లకు కరెంటు ఇచ్చే గది, జనరేటర్లు, పంపులు నేలమట్టాన పెట్టకండి. పంపు గదే ముందు మునిగిన ఉదాహరణలు ఎన్నో. సింగపూర్ వాళ్లు చాంగి ఐదో టెర్మినల్‌ను సముద్రమట్టానికి 5.5 మీటర్ల ఎత్తున పెడుతున్నారు. వాళ్లకు చుట్టూ వరి చేలు లేవు కాబట్టి ఎత్తు చేస్తే ఒకరికి నష్టం లేదు. మనకు ఆ వీలు లేదు.

ఎత్తు చేయడానికి మట్టి ఎక్కడిది? 500 ఎకరాలు, 2 మీటర్లు అంటే 40 లక్షల ఘనపు మీటర్లు. పది టైర్ల టిప్పరు 15 ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే 2.7 లక్షల ట్రిప్పులు, రోలరు కింద కుదించుకుపోయేది కలిపితే 3 లక్షలు దాటుతుంది. రోజుకు 500 బళ్లు నడిపినా 600 రోజులు. ఆ గ్రావెల్ రావాల్సింది మెట్ట ప్రాంతపు కొండల్ని తవ్వి, కాలువ గట్ల రోడ్ల మీదుగా. ఈ డీజిల్, ఈ కొండ, ఈ రోడ్లు మీ కర్బన లెక్కలో ఎక్కడా కనబడలేదు. చేర్చండి. పైకప్పు సోలార్ ఎన్నేళ్లు పనిచేస్తే ఆ డీజిల్‌కు సరిపోతుందో మీరే చూసుకోండి.

పోసిన మట్టి కింద ఉన్నది మెత్తటి నల్లబంక. బరువు పడితే నెమ్మదిగా నీరు వదులుతూ ఏళ్ల తరబడి దిగుతుంది. కొన్నిచోట్ల అర మీటరు దాకా దిగొచ్చు. అన్నిచోట్లా ఒకేలా దిగితే బాధ లేదు, పాత కోడు పూడ్చిన చోట ఎక్కువ, పక్కన తక్కువ దిగుతుంది. రన్‌వే మీద ఆ తేడాయే చంపుతుంది. సముద్రంలో ద్వీపం పోసి కట్టిన జపాన్‌లోని కన్సాయ్ 10 మీటర్లకు పైగా కుంగింది. 2018 సెప్టెంబరు తుపానులో నీళ్లు ఎక్కాయి. బంకలో నిలువు డ్రెయిన్లు దింపి, పైన అదనపు మట్టి బరువు పెట్టి, ముందే దిగనిచ్చి తర్వాత పేవ్‌మెంటు వేయాలి. దానికి ఏడాది రెండేళ్లు పడుతుంది. మీ బార్ చార్టులో (పనుల కాలపట్టికలో) ఆ కాలం లేదు. కాంక్రీటుకు స్లాగ్ (ఇనుము తీయగా మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటు వాడండి. చవుడు నేలలో ఇనుము తుప్పు పట్టకుండా ఎక్కువ కాలం కాపాడుతుంది, కర్బనమూ తక్కువ, విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్ మనకు దగ్గర.

వాన నీటి కోసం మీరు పెట్టిన చెరువు గురించి. నీటి లెక్కకు అది కావాలి, పక్షుల లెక్కకు అది ప్రమాదం. భీమవరం చుట్టూ ఇప్పటికే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పైన కొల్లేరు. పట్టుబడి రోజున చెరువు నీళ్లు తోడుతుంటే చూసే ఉంటారు. మోకాలు లోతుకు వచ్చేసరికి కొంగలు గట్టు మీద వరుస కడతాయి, పైన గద్దలు తిరుగుతుంటాయి, గూడబాతులు గుంపుగా దిగుతాయి. ఒక్కో గూడబాతు కొన్ని కిలోల బరువు, ఇంజనులోకి వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్లలో జంతువధ, చెత్త వేయడం మన నిబంధనలు నిషేధించాయి, కానీ ఆ వలయంలో ఉన్న వేల ఎకరాల చెరువుల్ని ఎవరు మూయిస్తారు? మూయించాలని కోరడమూ న్యాయం కాదు, అవి జనం బతుకులు. మీ ఆవరణలోపల మాత్రం నీరు నిలవుండే చెరువు వద్దు. నిటారు గట్లతో పొడుగ్గా, వాన వెలిశాక 48 గంటల్లో పూర్తిగా ఖాళీ అయ్యే గుంటలు పెట్టండి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ సూచన కూడా ఆ 48 గంటలే. ఖాళీ అవ్వాలంటే మళ్లీ మొగ తెరిచి ఉండాలి, కాబట్టి పంపులు తప్పవు.

గాలి గురించి ఒక్క మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ టెర్మినల్ పైకప్పును చించేసింది. మన తీరానికి గాలి కోడ్‌లో (కట్టడాలు తట్టుకోవాల్సిన గాలిని చెప్పే ప్రమాణంలో) మూల వేగం సెకనుకు 50 మీటర్లు. తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన భవనాలకు, తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు, దాన్ని 1.3తో గుణించాలి. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి భారం 1.69 రెట్లు. సహాయ సామగ్రి దిగాల్సింది అక్కడే కనుక ఈ గుణకం వదలకండి. మండువా లోగిలి స్ఫూర్తితో వేసిన మీ వెడల్పాటి చూరు నీడకు బాగుంది, కానీ గాలి ఎత్తి పడేసేది ముందు చూరునే. దాని ఊతాలకు, సోలార్ బిగింపులకు విడిగా లెక్క చూపించండి.

ఇక అసలు మాట. మీ గైడ్ ఒప్పుకుంటే స్థలాన్ని మార్చండి. రాజమండ్రి విమానాశ్రయం సముద్రమట్టానికి 45 మీటర్ల పైన, మెట్ట మీద ఉంది. రన్‌వే 3 కిలోమీటర్లు దాటింది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉన్నది కూడా డెల్టా నడిబొడ్డున కాదు, మెట్ట మొదలయ్యే అంచున. అక్కడ మళ్లీ విమానాశ్రయం అంటున్నారు. ఆ అంచు నేల నయమే, అయితే నిడదవోలు, తాడేపల్లిగూడెం చేలల్ని ఎర్రకాలువ ఎలా ముంచుతుందో ముందు చూడాలి. 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్ కూడా నీటి వసతితో ఒకటికి మించి పంటలు పండే భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోమంటుంది. తర్వాత రాష్ట్రాలు మినహాయింపులు తెచ్చుకున్నా, సార్వా దాళ్వా రెండూ పండే నేల గురించి ఆ సెక్షన్ చెప్పినదానిలో తప్పేమీ లేదు. భీమవరానికి అటు మధురపూడి, ఇటు గన్నవరం విమానాశ్రయాలు ఉన్నాయి. అమలాపురం వాళ్లు పాతికేళ్లుగా ఎదురుచూస్తున్న కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తయితే విమానం ఎక్కడానికి వెళ్లే దారే కాదు, చాలామందికి విమానం అక్కర్లేని దారి కూడా వస్తుంది. వాతావరణం పేరు పెట్టిన ప్రాజెక్టులో ఈ ప్రత్యామ్నాయానికి ఒక అధ్యాయం ఉండాలి. విమానాశ్రయం నుంచి వచ్చే కాలుష్యంలో సింహభాగం విమానాలదే, టెర్మినల్ దీపాలది కాదు.

స్థలం మార్చడం కుదరదంటే, కనీసం సర్వే మళ్లీ చేయండి. వేసవిలో కాదు, సార్వా నాట్లు అయ్యాక, వాన పడిన మర్నాడు. ఆవరణకు 3 కిలోమీటర్ల ఎగువ నుంచి మొగ దాకా ప్రతి కోడు, ప్రతి తూము, ప్రతి కల్వర్టు అడుగుమట్టం తీసుకోండి. మోటారు షెడ్ల గోడల మీద పాత వరద గీతలుంటాయి, ఏ ఏడాదివో రైతుల్ని అడిగి రాసుకోండి. లాకుల దగ్గర పనిచేసే లస్కర్లను కలవండి, ఏ డ్రెయిన్ ఎప్పుడు ఎదురు తన్నుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ లెవెల్స్ షీటు, డ్రెయిన్ల మ్యాపు తయారయ్యాక ఇక్కడే పెట్టండి. కల్వర్టుల సైజులు, పంపుల సామర్థ్యం నేను సరిచూసి చెబుతాను.